కంపెనీ మొత్తం ఏడ్చిన శుక్రవారం

"తుడవండయ్యా! ముందు ఆ కన్నీళ్ళు తుడవండి!"

ఆనందమ్మ పెట్టిన కేకకి ఒకతను నిజంగానే గుడ్డ తీసుకుని గోడ దగ్గరికి పరుగెత్తాడు. పాపం, అతని తప్పేమీ లేదు. కంపెనీ ముందు హాల్లో గోడంత తెర మీద గోడంత పసుపుపచ్చ ముఖం వెక్కి వెక్కి ఏడుస్తోంది. కన్నీళ్ళు బిందెలతో కుమ్మరించినట్టు కారుతున్నాయి. ఆ వెక్కిళ్ళ చప్పుడు లిఫ్టుల దాకా వినిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే సర్దుబాటు చెవి దగ్గర ఫోనుతో గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"వింటున్నావా?" అంటోంది ఫోనులో భార్య. "రేపు పొద్దున్న పదింటికి. షట్టరు నువ్వే ఎత్తాలి. గోడలకి రంగు వేసిన రోజు నువ్వు లేవు. బల్లలు దింపిన రోజు నువ్వు లేవు. రేపు కూడా లేకపోతే పక్క కొట్టాయన చేత ఎత్తించేస్తా. ఆయనకి నడుంనొప్పి. అయినా సరే."

"వస్తానన్నాను కదా! భూకంపం వచ్చినా వస్తా."

"నీ వెనకాల ఆ ఏడుపెవరిది?"

సర్దుబాటు తలెత్తి గోడ వైపు చూశాడు. ఫోను చేతిలోంచి జారబోయింది.

"కంపెనీది" అని పెట్టేశాడు.

అది వేలమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో ఒక చిన్న బృందానికి అతను లీడ్. ఏ ముప్పు ముంచుకొచ్చినా "సర్దుకుపోదాంలెండి" అంటాడు కాబట్టి కన్నవాళ్ళు పెట్టిన పేరు పోయి సర్దుబాటు అన్న పేరు మిగిలింది. భార్యతో మాత్రం ఈసారి సర్దుబాటు కుదిరేలా లేదు. విరిగిన బొమ్మలు బాగుచేసే కొట్టు పెట్టాలని ఆవిడ ఏళ్ళ తరబడి కలగంది. ఆ కల రేపు పదింటికి తెరుచుకుంటుంది. తను అక్కడ లేకపోతే ఆవిడ అరవదు, అలగదు. ఊరికే చూస్తుంది. ఆ చూపంటేనే అతనికి హడల్.

ఇక గోడ మీది ముఖం సంగతి. ప్రతి శుక్రవారం తొమ్మిదింటికి ప్రతి ఉద్యోగి కంప్యూటర్లోనూ ఒక ప్రశ్న ప్రత్యక్షమవుతుంది. 'ఈ వారం ఇక్కడ పనిచేయడం మీకు ఎలా అనిపించింది? మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ పేరు ఎవరికీ తెలియదు.' దాని కింద వరసగా అయిదు ముఖాలు. ఎడమ చివర పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది, కుడి చివర ఏడ్చేది. అందరి జవాబులూ కలిపితే తేలే ముఖమే ముందు హాల్లో గోడెక్కుతుంది.

పేరు తెలియదన్న మాట నిజమే. కాకపోతే బృందంలో ఒక్కరు నవ్వు ముఖం కాకుండా ఇంకోటి నొక్కినా, ఆ బృందం మొత్తానికీ 'మనసు విప్పుదాం' అనే మీటింగు పడుతుంది. గుండ్రంగా కూర్చుని, పక్కవాళ్ళ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని బాధలు చెప్పుకోవాలి. ఆ బాధ కన్నా అసలు బాధే నయమని అందరూ నవ్వు ముఖం నొక్కడం అలవాటు చేసుకున్నారు. కొన్నాళ్ళకి ఆ నొక్కడం కూడా బరువైపోయింది. అప్పుడెవరో ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. శుక్రవారం తొమ్మిది కాగానే అదే నిద్రలేచి, ఎడమ చివరి ముఖాన్ని నొక్కి, మళ్ళీ పడుకుంటుంది. సర్దుబాటు దాన్ని తను వాడుకోవడమే కాక తన బృందంలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా పంచాడు. ఇంత పెద్ద కంపెనీలో ఈ పాపం చేస్తున్నది తామేనని అతని గట్టి నమ్మకం.

పైకి వెళ్ళేసరికి తప్పులబ్బాయి లిఫ్టు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. మనుషుల్లో వెతకడం సరదా.

"అన్నా, మనం ఏడ్చాం" అన్నాడు గుసగుసగా.

"మనమెవరం?"

"మన బృందం మొత్తం. నువ్విచ్చిన ప్రోగ్రాం తొమ్మిదింటికి లేచి ఏడుపు ముఖం నొక్కింది. నాదీ అంతే, రంగులక్కదీ అంతే."

రంగులక్క తెరల మీద ఏ బొమ్మ ఎక్కడుండాలో గీసే మనిషి. ఆ బృందంలో అందరికన్నా పాతకాపు. ఆవిడ అప్పటికే కుర్చీ చివర కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. "దానికేం రోగమొచ్చిందో తర్వాత చూద్దాం. ముందు చెరిపేయండి. ఆనవాలు దొరక్కూడదు."

ముగ్గురూ చెరిపేశారు. చెరిపేసి తలెత్తి చూస్తే ఆ అంతస్తులో ప్రతి ఒక్కరూ కంప్యూటర్ మీదికి వంగి ఏదో గబగబా చెరిపేస్తున్నారు. చెరపడం అయినవాళ్ళు వెనక్కి వాలి, పైకప్పు చూస్తూ ఈల వేస్తున్నారు. నలభై మంది ఒకేసారి పైకప్పు చూస్తున్న అంతస్తుని సర్దుబాటు అంతకుముందెప్పుడూ చూడలేదు.

"వీళ్ళకేమైంది?" అన్నాడు.

"అందరికీ ఒకేసారి మెడ పట్టేసి ఉంటుంది" అంది రంగులక్క.

ఇంతలో పైనున్న స్పీకర్లు గరగరమన్నాయి. ఆనందమ్మ గొంతు. ఆవిడ ఉద్యోగుల సంతోష విభాగానికి అధిపతి. ఆవిడ సంతోషంగా ఉండగా ఎవరూ చూడలేదు. అంత తీరికెక్కడిది?

"ప్రియమైన సహోద్యోగులారా! మీలో ఇంత దుఃఖం ఉందని మాకు తెలియదు. మన కంపెనీ పెద్దాయన మనసు కలుక్కుమంది. రేపూ ఎల్లుండీ కంపెనీలోనే ఆనంద శిబిరం. అందరూ రావాలి. పొద్దున్న పదింటికి మొదలు. బస్సులు వస్తాయి. మీ సంతోషానికి అడ్డొచ్చే ఫోన్లు ఈరోజే బుట్టల్లో వేసేయండి. ముఖం నవ్వేదాకా ఎవరికీ ఇంటిమీద ధ్యాస ఉండకూడదు!"

సర్దుబాటు మెట్లమీద పరుగెత్తుకుంటూ ఆనందమ్మ గదికి వెళ్ళాడు.

"మేడం, రేపు ఒక్కరోజు నాకు సెలవు కావాలి. మా ఇంట్లో చాలా ముఖ్యమైన పని."

"మీరు సంతోషంగా ఉన్నారా?"

"మహా సంతోషంగా ఉన్నాను మేడం."

"మరి పొద్దున్న ఏడుపు ముఖం నొక్కిందెవరు?"

"పేరు తెలియదన్నారుగా!"

"పేరు తెలియదు. కానీ అందరూ నొక్కారు. ఆ అందరిలో మీరున్నారా, లేరా?"

సర్దుబాటు మాట మార్చాడు. "పోనీ, మేడం, ఇప్పుడే ఇంకోసారి అడిగి చూడండి. అప్పుడేదో పరధ్యానంలో నొక్కి ఉంటారు. ముఖం నవ్వితే శిబిరం అక్కర్లేదు కదా?"

ఆనందమ్మకి ఆ మాట నచ్చింది. ఆవిడకి కూడా శనివారమంటే ఇష్టమే. "సరే. మధ్యాహ్నం మళ్ళీ అడుగుతాను. నవ్వించే పూచీ మీది."

ఆ పూచీ నెత్తినేసుకుని అతను అంతస్తు అంతస్తూ తిరిగాడు. ఎన్నికల ప్రచారం చేసేవాడు కూడా అంత తిరగడు. "బాబూ, నవ్వండి. అమ్మా, నవ్వండి. ఈ ఒక్కసారికి మీ చేత్తో మీరే నొక్కండి. ఎప్పటిలాగే ఎడమ చివర! మర్చిపోకండి, ఎడమ చివర!" జనం తలలూపారు. ఎవరి శనివారం వారికి ముఖ్యం.

ప్రశ్న వచ్చింది. వేల చేతులు ఒక్కసారి కదిలాయి. ఏళ్ళ అలవాటు, దానికి తోడు లీడ్ గారి ప్రచారం. తెర వైపు కన్నెత్తి చూసినవాడు లేడు. నొక్కేసి, హమ్మయ్య అనుకుని, అందరూ ముందు హాల్లోకి దిగారు.

గోడ మీది ముఖం అప్పటికి నీలంగా మారింది. కన్నీళ్ళు తెర అడుగున చేరి, మెల్లగా నిండుతూ, గడ్డం దాకా వచ్చాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి అద్దాల్లోంచి చూస్తున్నారు. ఒకావిడ చంకలో బిడ్డకి ఆ ముఖం చూపించి, తను కూడా కళ్ళొత్తుకుంది.

"మునిగిపోతున్నాం, అన్నా" అన్నాడు తప్పులబ్బాయి.

ఫోను బుట్టలో వేసే ముందు సర్దుబాటు ఇంటికి చేశాడు. "చూడు, రేపటి సంగతి... ఇక్కడ చిన్న ఇబ్బంది..."

"ఆ ముఖాల గొడవేనా? ఇంకా అడుగుతూనే ఉన్నారా, ఎలా అనిపించిందని?" భార్య ఫక్కున నవ్వింది. ఆవిడ కూడా ఒకప్పుడు ఈ కంపెనీలోనే, వీధికి అవతలున్న భవనంలో పనిచేసి మానేసిన మనిషే. మానేసిన రోజు నుంచి ఇంట్లో కంపెనీ మాట ఎత్తడానికి వీల్లేదని శాసనం చేసింది. అందుకే మరుక్షణం గొంతు మార్చేసింది. "అదంతా నాకనవసరం. పదింటికి షట్టరు దగ్గర నువ్వుండాలి. అంతే."

ఆ 'అంతే' చెవిలో ఉండగానే ఆనందమ్మ మనిషి వచ్చి ఫోను లాక్కుని బుట్టలో వేసుకున్నాడు.

సాయంత్రం అందరినీ పెద్ద సభా మందిరంలోకి తోలారు. వేదిక మీద నవ్వుల మాస్టారు సిద్ధంగా ఉన్నాడు. రేపటి శిబిరానికి ఇది ముందస్తు కసరత్తట. "కడుపులోంచి నవ్వండి! హ హ హ! హో హో హో!" అంటూ ఆయన ఎగురుతున్నాడు. కింద వేలమంది హ హ హ అంటున్నారు. దూరం నుంచి వింటే ఏదో పెద్ద జంతువు దగ్గుతున్నట్టుంది. పెద్దాయన మొదటి వరసలో కూర్చుని బుగ్గన చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. కంపెనీ మొత్తానికీ ఆయనే పైవాడు. ఆయన పైన ఇంటికప్పు తప్ప ఎవరూ లేరు.

అప్పుడు ఆనందమ్మ ఒగరుస్తూ వేదిక ఎక్కింది. "దొరికారు! ఒక్కరు దొరికారు! మొత్తం కంపెనీలో నవ్వు ముఖం నొక్కిన ఒకే ఒక్క మనిషి! పొద్దునా నొక్కారు, మధ్యాహ్నమూ నొక్కారు!"

"పేరు తెలియదన్నారుగా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఏడిచినవాళ్ళ పేర్లు తెలియవు. నవ్వినవాళ్ళవి తెలుస్తాయి" అంది ఆనందమ్మ.

ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని వేదిక మీదికి తెచ్చిన ఆ సంతోషజీవిని చూసి మందిరం నోరెళ్ళబెట్టింది. ఖాతాల విభాగంలో ఉండే గొణుగుడు బాబాయ్! లిఫ్టు వచ్చినా గొణుగుతాడు, రాకపోయినా గొణుగుతాడు. ఒకసారి జీతం పెరిగితే లెక్క మారుతుందని గొణిగాడు.

నవ్వుల మాస్టారు ఆయన్ని కావలించుకుని మైకు చేతికిచ్చాడు. "మీ సంతోష రహస్యం మాకందరికీ చెప్పండి, పెద్దలూ!"

"సంతోషమా? ఎవరికి?" అన్నాడు బాబాయ్. "నా కుర్చీకి ఒక చక్రం లేదు. ఏసీ గాలి సరిగ్గా నా బట్టతల మీదే కొడుతుంది. నా బల్ల పక్కనుంచే అందరూ ఫోన్లు మాట్లాడుకుంటూ తిరుగుతారు. ఎవరి పెళ్ళి సంబంధం ఎక్కడ చెడిందో నాకంతా తెలుసు, నాకెందుకది? నేను చేరిన వారం నుంచీ ఏడుపు ముఖమే నొక్కుతున్నానయ్యా. కుడి చివర. ఇవాళ రెండుసార్లూ అదే నొక్కాను."

"ప్రతివారం ఏడుపు నొక్కితే మరి 'మనసు విప్పుదాం' మీటింగు?" అంది రంగులక్క ఉండబట్టలేక.

"నా బృందంలో ఉండేది నేనొక్కణ్ణే కదమ్మా. నా చెయ్యి నేనే పట్టుకుంటాను. పెట్టిన బిస్కట్లన్నీ నాకే."

వేదిక మీద ఆనందమ్మ ముఖంలో రంగులు మారాయి. "కుడి చివరా..." అంది మెల్లగా. "నిన్న... నిన్న నేనే వరస తిప్పించాను. సంతోషం కుడివైపు ఉంటే కళ్ళకి ఇంపుగా ఉంటుందని ఎవరో నిపుణుడు చెప్తేనూ..."

పెద్దాయన లేచాడు. నెమ్మదిగా మెట్లెక్కి మైకు తీసుకున్నాడు.

"అంటే ఇక్కడ ఎవరూ ఏడవలేదన్నమాట. బాగుంది. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. ముఖాలు కళ్ళెదురుగా కనిపిస్తున్నాయి. ఇంతమంది వాటిని చూడకుండా ఎలా నొక్కారు? పొద్దున్న అందరూ కచ్చితంగా ఒకే క్షణంలో ఎలా నొక్కారు? వేలమంది ఒకే క్షణంలో తుమ్మడం కూడా కుదరదు. ఇది మనుషుల పని కాదు. ప్రోగ్రాం పని. ఎవరో రాశారు, అందరూ వాడారు. ఆ రాసినవాళ్ళెవరో తేలితే రేపటి శిబిరం వాళ్ళొక్కరికే. మిగతావాళ్ళంతా ఇళ్ళకి పోవచ్చు."

సర్దుబాటు గుండె ఎగిరి గంతేసింది. రాసింది తను కాదు! రాసినవాణ్ణి పట్టిస్తే చాలు, రేపు పదింటికి తను షట్టరు దగ్గరుంటాడు. ఎన్నడూ లేనిది ఆ సర్దుకుపోయే మనిషి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"సార్! దాన్ని మా బృందంలో పంచింది నేను. ఒప్పుకుంటున్నాను. కానీ నాకిచ్చింది రంగులక్క!"

"ఓరి నీ..." అంది రంగులక్క. ఆ పైన తిట్టు మింగి లేచి నిలబడింది. "నేను రాయలేదు సార్. నాకు బొమ్మలు గీయడమే వచ్చు. నాకిచ్చింది... చెప్పమంటారా మేడం?"

ఆనందమ్మ ఉన్నట్టుండి నవ్వుల మాస్టారి వెనక్కి జరిగింది.

"చెప్పక్కా!" అన్నాడు సర్దుబాటు.

"ఆనందమ్మ గారే సార్. అప్పట్లో మా పక్క సీటు. శుక్రవారం శుక్రవారం ఎందుకే ఈ తద్దినం, ఇది పెట్టుకో అని ఇచ్చారు."

మందిరంలో మొదటిసారి కడుపులోంచి నవ్వు పుట్టింది. నవ్వుల మాస్టారు ఆ శబ్దం విని తెల్లబోయాడు. అలాంటిది ఆయన తన శిబిరాల్లో ఎక్కడా వినలేదు.

"అంటే ఈ ఉద్యోగం రాకముందు సంగతి అది!" అంది ఆనందమ్మ బిక్కముఖం వేసి. "అయినా నేను మాత్రం ఎక్కడ రాశాను? నాకూ ఒకరిచ్చారు."

"ఎవరు మేడం?" సర్దుబాటు వదల్లేదు. షట్టరు కళ్ళ ముందు కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. "భయపడకండి, ఎవరైనా సరే చెప్పేయండి!"

ఆనందమ్మ నోటితో చెప్పలేదు. కళ్ళు తిప్పి పెద్దాయన వైపు చూసింది. మందిరం అంతా అటే చూసింది. పెద్దాయన మైకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అప్పుడు నేను కూడా మీలాగే ఒక బృందాన్ని నడుపుకునేవాణ్ణిలే" అన్నాడు. గొంతులో ఇందాకటి బరువు లేదు. "ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో నాకూ తెలిసేది కాదు. మీరు చెప్పండి. ఎవరి మీదా కోపం లేదు. నిజంగా మీకు ఇక్కడ ఎలా ఉంది?"

వేలమంది తల గోక్కున్నారు. చివరికి తప్పులబ్బాయి అన్నాడు, "పర్లేదు సార్."

"పర్లేదు సార్" అన్నారు అటుపక్కవాళ్ళు. "పర్లేదు", "పర్లేదండీ" అంటూ ఆ మాట వరస వరసా వెనక్కి పాకింది. గొణుగుడు బాబాయ్ కూడా కాసేపు ఆలోచించి, "కుర్చీ బాగుచేస్తే పర్లేదు" అన్నాడు.

"నాకూ అంతే" అన్నాడు పెద్దాయన. "మన అయిదు ముఖాల్లో ఆ ముఖం లేదు. సరే, రాసిన మనిషి సంగతి. అప్పట్లో నా బృందంలో ఒకావిడ ఉండేది. ఒకరోజు రాజీనామా ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, నవ్వుముఖం ప్రోగ్రాం నొక్కితే చాలదు సార్, అప్పుడప్పుడు ఆ నవ్వు నాక్కూడా రావాలి అంది. వెళ్ళే రోజు ఆ ప్రోగ్రాం నా చేతిలో పెట్టి, ఇక మీకే అవసరం అని వెళ్ళిపోయింది."

"ఆవిడ ఇప్పుడు మన ఉద్యోగి కాదుగా సార్? శిబిరానికి ఎలా పిలుస్తాం?" అంది ఆనందమ్మ. "బస్సులు మాట్లాడేశాం. మాస్టారికి మాటిచ్చేశాం."

"పిలవక్కర్లేదు. మనమే వెళ్దాం. తనకి నచ్చిన పనేదో మొదలుపెడుతోంది, నాకు కబురు పంపింది. రేపు పొద్దున్న బస్సుల్లో పట్టినంతమందీ ఆవిడ ఉన్నచోటికే. ఇన్నేళ్ళుగా నవ్వు ముఖం లెక్కలు చూస్తున్నాను. ఒక్క మనిషి నిజంగా నవ్వుతుంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలి."

మందిరం చప్పట్లతో మోగిపోయింది. కుర్చీ మీద నిలబడ్డ సర్దుబాటు మాత్రం నీరుగారిపోయాడు. ఇంతా చేసి దొంగని పట్టిస్తే, ఆ దొంగ ఇంటికే రేపు తను బస్సెక్కాలట! రంగులక్క అతని ప్యాంటు పట్టుకుని కిందికి లాగుతోంది. ఆవిడకి ఏదో వెలిగినట్టుంది. తప్పులబ్బాయికి కూడా వెలిగింది. అతను నోట్లో జేబురుమాలు కుక్కుకుంటున్నాడు.

"సార్, అందరూ వెళ్ళండి, నన్నొక్కణ్ణి వదిలేయండి!" అని సర్దుబాటు చేతులు జోడించాడు. "రేపు పదింటికి మా ఆవిడ కొట్టు తెరుస్తోంది సార్. నేను లేకపోతే నా కాపురం ఏడుపు ముఖమే."

"నువ్వు రాకపోతే ఎలాగయ్యా? అందరికన్నా ముందు నువ్వే ఉండాలి" అన్నాడు పెద్దాయన. కళ్ళతో ఏదో సైగ కూడా చేశాడు. వద్దు, ఇక దిగు, అన్నట్టు.

సర్దుబాటు ఆ సైగ చూసే స్థితిలో లేడు. జీవితంలో మొదటిసారి అతనికి నిజంగా కోపమొచ్చింది.

"ఎవరు సార్ ఆ మహాతల్లి? ఇంతమందిని ఏడిపించింది, నా శనివారం మింగేసింది! ఎవరో ఇప్పుడే, ఇక్కడే, అందరూ వినేలా చెప్పండి!"

పెద్దాయన మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"మీ ఆవిడ."